ముందు గుమ్మం

మా వీధిలో ఇళ్ళకు ముందు గుమ్మం ఎందుకు పెట్టారో దేవుడికే తెలియాలి. డాక్టరు రావాలి, పోలీసు రావాలి, లేదా శవం లేవాలి. అప్పుడే దాంతో పని. మిగతా జనమంతా వెనక సందులోంచి, చెత్తడబ్బాలు దాటుకుని, "ఉన్నావా?" అంటూ వంటింట్లోకి వచ్చేస్తారు. ఇంగ్లండు ఉత్తరాన మా బర్న్‌లీలో అంతే.

మా పక్కింటి ఆగ్నెస్ అత్తకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. బట్టల మిల్లులో పనిచేస్తూ, తల్లిని చూసుకుంటూ, పెళ్ళి మాటెత్తకుండా ఆ ఇంట్లోనే ఎనభై దాటింది. ఒక్కతే చెల్లెలు, ఐవీ. ఎక్కడో దక్షిణాన ఉన్న బ్రిస్టల్ అబ్బాయిని చేసుకుని వెళ్ళిపోయింది. తల్లి పోయినప్పుడు రైలు తప్పిపోయి, గొయ్యి పూడ్చాక వచ్చింది. అత్త నోరు ఊరుకుందా? నలుగురి ముందూ, "సొంతవాళ్ళు వెనకనుంచి వస్తారు. నువ్వు చుట్టానివి, ముందు గుమ్మంలోంచి పో!" అంది. ఐవీ అలాగే పోయింది. మళ్ళీ రాలేదు.

ఆ తలుపూ మళ్ళీ తెరుచుకోలేదు. అత్త దానికి పైపైన ఆకుపచ్చ రంగు పూయిస్తూ వచ్చింది, సందులు కూడా అతుక్కుపోయేలా. వెనక గేటుకి మాత్రం ఎన్నడూ గడియ పెట్టదు. "దొంగలు పడతారత్తా" అంటే, "పడనీవే, నేను తప్ప ఏముంది ఇక్కడ?" అనేది. ఎవరికోసమో నాకు తెలుసు. పేరెత్తితే మాత్రం కయ్యిమనేది.

కిందటి అక్టోబరులో నేను కంచె మొక్కలు కత్తిరిస్తుంటే, నీలం కోటు ముసలావిడెవరో వీధిలో అటూ ఇటూ తిరుగుతోంది. ప్రతి ఇంటి ముందూ ఆగడం, మూల దాకా పోవడం, మళ్ళీ రావడం. నాకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, ఇల్లేమైనా కొంటారా?"

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. చెముడు కాబోలు. గట్టిగా మళ్ళీ అడిగాను.

"ఊరికే చూస్తున్నానమ్మా. ఆ మూల చేపల వేపుడు కొట్టుండేది."

"ఉండేది! ఇప్పుడక్కడ గడ్డాలు గీస్తున్నారు."

"అయ్యో" అంది, సొంత మనిషి పోయినట్టు.

ఇంతలో పొయ్యి మీద కెటిల్ కూత పెడితే లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి మనిషి లేదు. ఈ వింత అత్తకు చెబుదామని వెనకనుంచి వెళ్ళానా, అత్త ముందు తలుపు దగ్గర కూలబడి, రొట్టె కోసే కత్తితో రంగు గీకుతోంది. వేళ్ళంతా రక్తం.

"ఐవీ ‘అక్కా’ అంటూ తలుపు తట్టిందే గ్వెన్! నేను పొమ్మన్న గుమ్మానికే వచ్చిందే పిచ్చిముండ! వెనకనుంచి రావే అని గొంతు చించుకున్నా, వినపడలేదు దానికి. ఈ పాడు తలుపు రాదు, నా మోకాళ్ళు లేవవు!"

వీధిలోకి పరిగెత్తాను. బస్సు మలుపు తిరుగుతోంది. చిరునామా కూడా లేదు మా దగ్గర.

మర్నాడే అత్త వడ్రంగిని పిలిపించి తలుపు చిత్రిక పట్టించింది. ఇక చూడండి, పొద్దున్న లేస్తే ఆ తలుపు బార్లా తెరిచి, నడవలో కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని వీధికేసి చూపు! "ఏం అత్తా, ఊరంతటినీ వెచ్చబెడుతున్నావా?" అని ఎదురింటి స్టాన్ వెక్కిరించేవాడు. "నీ పెళ్ళాం వెచ్చబెట్టట్లేదుగా మరి" అనేది. నోటికేం తక్కువ లేదు. మనిషే చలికి ముడుచుకుపోయింది.

ఫిబ్రవరిలో బట్టలు ఆరేస్తుంటే వెనక సందులో అదే నీలం కోటు.

"వీధి మూలనుంచే చూశాను, ముందు తలుపు బార్లా తీసి ఉంది. మా అక్క పోయిందా?"

"నిన్ను చూడకుండా ఆవిడకి చావెక్కడిదమ్మా!" అని అరిచాను. "గడియ లేదు. తోసుకుపో."

పోయింది. వెనకే నేనూ వంటింటి దాకా వెళ్ళాను. అడుగుల చప్పుడు విన్నా అత్త తల తిప్పలేదు.

"గ్వెనా? టీ పెట్టు. నేను లేవను, ఐవీ ముందునుంచే వస్తుంది. దానికి పంతమెక్కువ."

"పంతం నాకా, నీకా?" అంది ఐవీ.

అత్త వీధికేసే చూస్తూ దుప్పటి దగ్గరికి లాక్కుంది.

"ఆ తలుపు వెయ్యవే. చలేస్తోంది."