మాంత్రికుడు అడిగిన కవచం

1988, ఎండలు ముదురుతున్న రోజులు. ఆత్మకూరులో మాది భాగోతాల డ్రెస్సులు కిరాయికిచ్చే దుకాణం. మా ఆయన పోయాక నేనే నడిపాను. చదువు మూడో తరగతితో ఆగింది గానీ, ఏ వేషానికి ఏమివ్వాలో నోటికి వచ్చు. రాజుకు ఫుల్ సెట్, అంటే కిరీటం, భుజకీర్తులు, రేకు మీద మఖమల్ కుట్టిన కవచం. భటులకు ఛాతీ పలక ఒక్కటే. మునికీ మాంత్రికునికీ కవచం లేదు. వాళ్లు హోమం ముందు కూర్చుంటారు, రేకు కాలుతుంది. చేతులెత్తి మంత్రం చదవాలి, కవచం ఎత్తనివ్వదు. మా ఆయన పెట్టిన పద్ధతి అది.

ఆ ఏడు కృష్ణ ఒడ్డున ఒక ఊరివాళ్లు జాతరకు పగటి ఆట పెట్టుకున్నారు. వేషాలు కట్టించడానికి నేనే వెళ్లాను. ఎప్పుడూ రాజు వేషం వేసే అంజయ్య ఆ చలికాలమే చనిపోయాడు. అతని జాగాలో కిష్టయ్య అనే లావుపాటి మనిషిని పెట్టారు. మాంత్రికుడు మాత్రం పాతవాడే, అంజయ్య తమ్ముడు నర్సింహులు. ఆట చివర రాజు మాంత్రికుణ్ణి ఛాతీలో పొడిచి చంపాలి.

నర్సింహులు నా పక్కన కూర్చుని మెల్లగా కవచం అడిగాడు. లోపల కట్టుకుని మీద దుప్పటి కప్పుకుంటానన్నాడు.

"నీకిస్తే రేపు చెలికత్తె గూడ అడుగుతది. లేదు పో."

అతను లేవలేదు. "తొడిగేది కిష్టయ్యనే పెద్దమ్మా. పొడిచేది మా అన్న. నాకెర్క."

ఎందుకని అడిగితే తల వంచుకుని చెప్పాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే బాయి. అన్న పోయినప్పటి నుంచి వదినె వంతు నీళ్లు కూడా ఇతనే మళ్లించుకుంటున్నాడు. ఆమె యాసంగి వరి ఎండిపోతోంది.

నేను కవచం ఇవ్వలేదు.

కిష్టయ్యకు రాజు కవచం తొడిగాను. అంజయ్య బక్కమనిషి, అతనికి వెనక తోలు పట్టీని లోపలి రంధ్రం దాకా లాగి బిగించేదాన్ని. కిష్టయ్యకు అదే పట్టీ జానెడు తక్కువ పడింది. ముడి వేద్దామని పాత నాడా వెతికి ఇటు తిరిగేసరికి పట్టీ బిగించి ఉంది. అంజయ్య రంధ్రంలోనే.

"ఎవలు పెట్టిండ్రు?" అన్నాను.

"గిప్పుడు నువ్వే గద పెట్టినవ్ పెద్దమ్మా. గింత ఎండల నీ చేతులేంది, గట్ల సల్లగున్నయ్?" అన్నాడు కిష్టయ్య.

నాడా పక్కన పెట్టాను. ఆటకు పంపాను.

చివరికి రాజు కత్తి ఎత్తాడు. మాంత్రికుడు అప్పుడు శాపం పెట్టాలి. నర్సింహులు ఒట్టి ఛాతీతో కూర్చుని, కిష్టయ్య మొహం కాదు, ఆ కవచాన్నే చూస్తున్నాడు.

"అన్నా, వదినె నీళ్లు వదినెకే ఇడుస్త. రేపటిసంది."

ఊరంతా విన్నది. ఆడవాళ్లలో కూర్చున్న ఆ వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కట్టె కత్తి మెల్లగా కిందికి దిగింది. వేషం విప్పుతున్నప్పుడు కిష్టయ్య నాతో ఒక్కటే మాట అన్నాడు: "కత్తి నేను దించలే."

మర్నాడు బండి మీద తిరిగి వస్తూ, ఆమె మడిలో నీళ్లు పారుతుండడం చూశాను.

మాంత్రికునికి కవచం ఎందుకివ్వరని కొత్తవాళ్లు అడిగితే, రేకు కాలుతుందనే చెబుతాను. అదీ నిజమే. కానీ ఆ రోజు జాలిపడి ఇచ్చి ఉంటే, అతను దాని చాటున కూర్చుని శాపం అప్పజెప్పి ఇంటికి పోయేవాడు. ఆమె వరి ఎండేది. తప్పు చేసి భయపడే మనిషికి ఆ భయం పోగొట్టడం మేలు కాదని నాకు అక్కడ తెలిసింది.