గ్రామఫోన్ బొమ్మ ఏ ఊరిది

అన్న కూలి ముఠాతో ఉత్తరాదికి పోయింది పత్తి మొత్తం ఎండిపోయిన ఏడాది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఒక ఆదివారం చెయ్యలేదు. ఆ తర్వాత మేం ఎప్పుడు చేసినా స్విచాఫ్.

ముఠాను తీసుకుపోయిన మేస్త్రీది అమరచింత. అడగడానికి నేనూ వదినా పోయాం. "నడిమిట్ల రెండు దినాలు యాడికో పోయొచ్చిండమ్మా. తర్వాత ఒకనాడు పొద్దుగాల లేచి చూస్తే లేడు. మళ్ల గాడికే పోయిండేమో, నాకేం తెల్సు" అన్నాడు. ఠాణాలో ఫిర్యాదు రాసిచ్చాం. దాని సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎనిమిది నెలల తర్వాత, అన్నతోపాటు పనిచేసిన ధరూర్ దిక్కు మనిషి మల్దకల్‌లో మా ఇంటికి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. రూంలో ఉండిపోయిన సామాన్లని ఒక సంచి ఇచ్చాడు. రెండు అంగీలు, దువ్వెన, ఒక లుంగీ. లుంగీలో చుట్టి, అరచేతిలో పట్టేంత గ్రామఫోన్ బొమ్మ. కింద చెక్కపెట్టె, దాని మీద నల్లటి రికార్డు, ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న పసుపురంగు బూర, పక్కన తిప్పితే తిరిగే పిడి. పాట రాదు. అడుగున సగం చిరిగిన కాగితం చీటీ, దాని మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి: పి, యు, ఆర్.

వదిన దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. "ఆ రెండు దినాలు పోయిన కాడనే కొన్నడు ఇది. ఇది ఏ ఊరిదో తెలిస్తే ఆ ఊరు తెలుస్తది గదా?" అంది. నాకూ అదే అనిపించింది. నేను అంగన్‌వాడీ టీచర్ని, నాలుగు ముక్కలు చదువుకున్నదాన్ని. కనుక్కునే పని నామీద పడింది.

మొదట గద్వాలలో ఇత్తడి గిన్నెల దుకాణానికి పోయాను. దుకాణం పెద్దాయన బూరను గోటితో గీకి, "ఇత్తడి గాదమ్మా, రేకు. మీద పూత పూసిండ్రు. మన దిక్కు గిట్లాంటివి ఎవరు చేయరు" అన్నాడు. వనపర్తిలో పాత రేడియోలు బాగుచేసే ముసలాయన ఉన్నాడంటే ఇంకో ఆదివారం అక్కడికి పోయాను. ఆయన నవ్వాడు. "నేను పాడేటివే చూసిన బిడ్డా. గీ బొమ్మల ముచ్చట నాకు తెల్వదు. నాగర్‌కర్నూల్ల రిటైరైన డ్రాయింగ్ సారు ఉన్నడు, గివే జమచేస్తడు. ఆయనను అడుగు."

సారు ఇంట్లో గోడ పొడవునా అద్దాల బీరువా. లోపల అన్నీ గ్రామఫోన్ బొమ్మలే: కొయ్యవి, గాజువి, తాళంచెవి గుత్తికి తగిలించేవి. నా చేతిలోని బొమ్మను చూడగానే ఆయన ముఖం వెలిగింది. భూతద్దం తెచ్చి బూర అతుకు చూశాడు, పెట్టె తిరగేసి మేకులు చూశాడు.

"ఇది మొరాదాబాద్‌ల చేసిందమ్మా. ఈ అతుకు చూడు, వాళ్ల పనే. పెట్టెది మామిడి చెక్క."

"అయితే అక్కడే కొన్నట్టా సార్?"

"చేసుడు ఆడ. అమ్ముడు దేశమంత."

బీరువాలోంచి అలాంటివే మూడు తీసి నా ముందు వరసగా పెట్టాడు. ఒకదాని అడుగున చీటీ చిరగకుండా ఉంది. జైపూర్ అని ఉంది. "ఈ జైపూర్ చీటీది చార్మినార్ కాడ కొన్న. గిది షిర్డీల. గిది గోవాల. చీటీ అమ్మేటోడు ఏది అంటిస్తే అది. పూర్‌తోటి అయిపోయే ఊర్లు ఎన్ని లేవు!"

అప్పుడు అన్న సంగతి చెప్పాను. ఆయన భూతద్దం పక్కన పెట్టేసి, వాళ్లావిడను పిలిచి నాకు చాయ్ ఇప్పించాడు. నేను లేచేటప్పుడు మాత్రం ఉండబట్టలేక అడిగాడు: "తప్పుగ అనుకోకు తల్లీ. ఎప్పుడన్న వద్దనుకుంటే నాకియ్యు. ఈ రంగు బూర నా దగ్గర లేదు." కోపం కూడా రాలేదు. బొమ్మను సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

వదినకు మొరాదాబాద్ అని మాత్రమే చెప్పాను. మిగతాది నోరు దాటి రాలేదు. ఆమె కూతురి పుస్తకంలో దేశపటం తీయించి ఆ ఊరు వెతికించింది. అందులో ఆ పేరు లేదు.

అన్న ఎప్పుడైనా ఆ ఊరి మాట అన్నాడేమో అడుగుదామని సంచి తెచ్చిన మనిషిని వెతుక్కుంటూ పోయాను. అతను వరిచేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బొమ్మ పేరెత్తగానే తల గోక్కున్నాడు.

"గది మీ అన్నదో కాదో నాకు తెల్వదక్కా. రూంల పదకొండు మందిమి ఉంటిమి. పోయేటోళ్లు పోంగ మిగిలినయి గూట్ల ఉండె. మీ ఇంట్ల చిన్నపిల్ల ఉన్నదని ఎర్కనే గదా, ఆడుకుంటదని నేనే లుంగీల చుట్టి ఏసిన."

మంచి మనసుతో చేసిన పనే. అతన్ని ఏమనగలను?

ఇంటికొచ్చేసరికి వదిన పల్లీలు ఒలుస్తూ ఉంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఏమన్నడు?"

"ఏం తెల్వదన్నడు."

ఇంకో రెండు కాయలు ఒలిచింది. "మొరాదాబాద్‌కు రైలు యాడినుంచి పోతది?"

కనుక్కుంటానన్నాను. ఆ తర్వాత వారానికోసారి అడిగేది. ఏదో ఒకటి చెప్పి దాటేసేదాన్ని. ఈ మధ్య అడగడం మానేసింది.