ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోండి

ఒక్క వాయిస్ మెసేజ్‌తో ఊరందరి మీదా గొడ్డలి ఎత్తించి, ఎస్సైగారిని జీపుతో సహా రప్పించిన మొనగాడిని మీరెప్పుడైనా చూశారా? ఇది రాస్తున్న నేనే ఆ మొనగాణ్ణి. స్థిమితంగా కూర్చోండి, చెబుతాను.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. అప్పటిదాకా క్వారీలో రాళ్లు కొట్టాను. అక్షరాలు వచ్చిన కొత్తలో మనిషికి ఎంత పొగరు ఉంటుందో మీకు తెలియదు. కొత్త బుల్లెట్ బండెక్కిన పెళ్లికొడుకు కూడా నా ముందు దిగదుడుపే. బస్సు బోర్డులు, ఎరువు బస్తాలు, దేన్నీ వదలకుండా పైకి చదివేవాణ్ణి. ఆ పొగరుతోనే ఊరి వాట్సాప్ గ్రూపులో చేరాను. ఒక మెసేజ్ కూడబలుక్కునేలోపు ఇంకో పది వచ్చి పడేవి. ఇక టైపు చేయడమంటారా, రాయి కొట్టడమే నయం. అందుకే మైకు బొమ్మంటే నాకు ప్రాణం.

మా అక్క రత్తమ్మ మొగుడు కోటయ్య బావకి నాటకాల పిచ్చి. గురజాల పక్కన మా ఊళ్లో ఏటా ఒకటి తనే రాసి, తనే ఆడతాడు. ఇది జరగడానికి ముందు ఏడాది పంతొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరు మైకుసెట్టు వాళ్లు.

"ఒరేయ్ సాంబా, ఈసారీ జనం రాకపోతే ఇంక మొహానికి రంగు పూయనురా," అన్నాడు బావ. అతికించిన మీసం కూడా దిగులుగా వేలాడింది.

"నేను లేనా బావా! ఫోన్లో పెడతా. ఊరు ఊరంతా దిగుద్ది," అన్నాను.

ఆ ఏటి నాటకం పొలం గట్టు కోసం కొట్లాడుకుని, ఆఖరికి కలిసిపోయే ఇద్దరు రైతుల కథ. ముందురోజు పొద్దున రిహార్సల్ జరుగుతుంటే ఫోను చేతబట్టి, గొంతు సవరించుకుని, "మన కోటయ్యగారి కొత్త నాటకం, వినండి!" అని దర్జాగా ప్రకటించాను. ప్రకటించాక మైకు నొక్కాను. ముందు నొక్కి తర్వాత మాట్లాడాలని నాకెవరు చెప్పారు?

దాంతో గ్రూపులోకి వెళ్లింది ఇదీ. మొదట బావ గర్జన: "నా గట్టు మీద కాలు పెట్టినోడి కాలు వాడిది కాదు! గొడ్డలి నూరి పెట్టా!" వెంటనే నా తియ్యని గొంతు: "రేపు సాయంత్రం ఆరింటికి, హైస్కూలు ఆవరణలో. అందరూ రండి. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోండి."

మా ఊళ్లో గట్టు తగాదా లేని ఇల్లు లేదు. కాసేపటికే ఫోన్ల మీద ఫోన్లు.

"పెదనాయనా, కోటయ్య రమ్మనేది నన్నేనా?"

"నిన్నే నాయనా. మీ అన్నదమ్ముల్ని కూడా తీసుకురా!"

ఇంకొకాయన పళ్లు కొరుకుతూ, "వస్తానని చెప్పు మీ బావకి!" అన్నాడు. నాకు ఆనందం ఆగలేదు. "ముందు వరసలో ఉండాలి మామా!" అన్నాను.

మధ్యాహ్నం అక్క ఊడిపడింది. "ఏరా సాంబా, ఫోన్లో ఏం పెట్టావురా? మంచినీళ్ల కాడ ఒక్కతీ నాతో మాట్లాడట్లా!"

"నాటకం పెట్టానే అక్కా. చూడు, రేపు చానామంది వస్తారు."

వచ్చారు. ఆవరణ నిండిపోయింది. ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క పిల్లాడు లేడు. అందరూ కండువాలు నడుముకి బిగించారు. అయితే నా మాటకి విలువిచ్చి, చాలామంది కుర్చీలు మాత్రం తెచ్చుకున్నారు. వాళ్ల వెనకే జీపు.

"ఎవరయ్యా కోటయ్య?" అన్నారు ఎస్సైగారు.

బావ తెర పక్కకి నెట్టి, ఎర్రరంగు మొహంతో, భుజాన గొడ్డలితో దిగాడు. కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కేశాడు. ఎస్సైగారు గబుక్కున గొడ్డలి లాక్కున్నారు. అది అప్పడంలా వంగింది.

"ఏందయ్యా ఇది?"

"గొడ్డలి సార్."

"అట్టముక్క గదా!"

"నాటకంలో గొడ్డలి సార్. వెండి కాగితం మా ఆవిడ అంటించింది."

ఎస్సైగారు తన ఫోన్లో నా మెసేజ్ అందరికీ వినిపించారు. నా గొంతు వినగానే చెయ్యెత్తి ముందుకొచ్చాను.

"నాటకమని ముందే చెప్పాను సార్."

"ఎవరికి?"

"ఫోనుకి."

"మైకు నొక్కావా?"

"చెప్పినాక నొక్కా సార్."

ముందు కానిస్టేబుల్ నవ్వాడు. ఆ తర్వాత ఎవరు నవ్వారో లెక్కలేదు. జనం వెళ్లిపోతారేమోనని బావ మొహం ఆ రంగు కింద తెల్లబోవడం నేను చూశాను. అంతలో పళ్లు కొరికిన మామే లేచాడు. "ఇంత దూరం కుర్చీ మోసుకొచ్చింది ఊరికే పోడానికా? మొదలెట్టు కోటయ్యా!"

ఎస్సైగారికీ ఒక కుర్చీ పడింది. బావ వంగిన గొడ్డలితోనే ఆడాడు. అంత బాగా ముందెప్పుడూ ఆడలేదు. ఆఖర్న రైతులిద్దరూ కావలించుకుంటుంటే, మామా, ఆయన గట్టు పక్క రైతూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకే కండువాతో కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు మళ్లీ తిట్టుకున్నారు, అది వేరే సంగతి.

రంగు కడుక్కోకుండానే బావ నన్ను వాటేసుకున్నాడు. "కుర్చీలు చాలక నిలబడి చూశార్రా సాంబా!" నా తెల్లచొక్కా ఆ రంగుతో ఇప్పటికీ అట్లాగే ఉంది.

కాబట్టి పెద్దల సమక్షంలో, నా సొంత అక్షరాలతో రాసి, వేలిముద్ర కాకుండా సంతకం పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ మైకు నొక్కకుండా ‘నాటకం’ అనను.

ఇది బావకి చదివి వినిపించాను. కంగారుపడిపోయాడు. "మైకు నొక్కితే నొక్కు గానీ, ఒరేయ్, వచ్చే ఏడు కూడా నాటకమని మాత్రం చెప్పమాక!"