ఆగిరిపల్లి ఎత్తు మీద పంక్చర్

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇన్నేళ్లుగా నాతోపాటే తిని, నాతోపాటే పడుకుని, నాతోపాటే చర్చికి వస్తోంది. బరువుగా ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పాలంటే ముందు నా భార్యకే చెప్పాలి.

మా నూజివీడు చర్చిలో ఈస్టర్ మర్నాడు యూత్ అంతా సైకిళ్ల మీద ఏదో ఒక మామిడితోటకి పిక్నిక్ వెళ్లడం ఆనవాయితీ. దారంతా ఎత్తుపల్లాలు. అందుకని ఒక నియమం ఉండేది. పంపూ, పంక్చర్ సామానూ పట్టుకుని ఒకడు అందరికంటే వెనక రావాలి. ఎవరి సైకిల్ ఆగినా వాడే బాగుచేసి వెంటబెట్టుకు రావాలి, మిగతావాళ్లు ఆగక్కర్లేదు. ఆ ఏడాది ఆ పని నాకిచ్చారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అయింది.

ఆగిరిపల్లి దగ్గర ఎత్తులో కరుణ సైకిల్‌కి తుమ్మముల్లు దిగింది. ముల్లు నేను గుచ్చలేదు, ఆ ఒక్కటీ నా పాపం కాదు. కరుణ మా క్వయిర్‌లో పాడేది. ఆమె పాడుతుంటే నేను పాటల పుస్తకంలో పేజీ తప్పేవాణ్ణి. అంతకుమించి ఒక్క మాట అనే ధైర్యం ఎప్పుడూ లేకపోయింది. ముందు వెళ్లిపోయినవాళ్లలో డేవిడ్ ఉన్నాడు. నాగపూర్‌లో ఉద్యోగం, పండక్కి వచ్చాడు, భోజనం కాగానే బెజవాడ వెళ్లి రైలెక్కాలి.

"త్వరగా వేసేయండి, ప్లీజ్," అంది కరుణ. "డేవిడ్‌గారు పెళ్లిమాట అడిగారండి. ఈరోజు తోటలో చెప్తానన్నాను. లేటైతే ఆయన వెళ్లిపోతారు."

సంచిలో చెయ్యి పెట్టాను. ప్యాచీ అంటించే సొల్యూషన్ ట్యూబు మెత్తగా, నిండుగా వేళ్లకి తగిలింది.

"సొల్యూషన్ ఎండిపోయిందండీ," అన్నాను.

"అయ్యో! పోనీ, సైకిల్ ఇక్కడే పడేసి మీ క్యారియర్ మీద కూర్చోనా?"

"ఈ ఎత్తులో డబుల్స్ లాగలేనండి."

కాయల బస్తా వేసుకుని అదే ఎత్తు ఎక్కేవాణ్ణి.

ఎందుకన్నాను? నోరు జారిందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరి రెండో అబద్ధం? అదీ జారిందేనా? ఆమె పక్కన కాస్త దూరం నడిస్తే చాలనుకున్నాను, అంతే, అంతకంటే ఏమీ కోరుకోలేదని ఇప్పటికీ అనబోతాను, కానీ ఆ మాట పూర్తిచేయలేను.

నడిచాం. రెండువైపులా రసాలు చేతికందేలా వేలాడుతున్నాయి. మొదట విసవిసా నడిచింది, తర్వాత నెమ్మదించింది, ఆ తర్వాత ఏదో తలుచుకుని నవ్వింది. రాలిన కాయొకటి చున్నీకి తుడిచి, కొరికి, మిగతాది నాకిచ్చింది. పులుపుకి పళ్లు జివ్వుమన్నాయి. దారి ఇంకా ఉంటే బాగుండుననిపించింది.

తోటకి చేరేసరికి డేవిడ్ లేడు. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. బండి మీద మమ్మల్ని దాటి వెళ్లిన తోట కాపలాదారు, ఇద్దరూ నవ్వుకుంటూ నడిచొస్తున్నారని చెప్పాడట. "నా జవాబు వచ్చేసిందిలే," అని వెళ్లిపోయాడట. కరుణ అంతా విని, నీళ్ల పంపు దగ్గరకెళ్లి మొహం కడుక్కుంది. క్రిస్మస్‌కల్లా డేవిడ్‌కి నాగపూర్‌లోనే సంబంధం కుదిరింది. ఆ మరుసటేడు మావాళ్లు వెళ్లి అడిగితే కరుణ నాకు సరేనంది.

మంచి మనిషి. నాకే లోటూ చేయలేదు. మా అమ్మాయి సైకిల్ పంక్చరైనప్పుడల్లా, "ఆ రోజు మీ నాన్న దగ్గర సొల్యూషన్ ఉండుంటేనా..." అని నవ్వి ఆపేస్తుంది. మిగతా సగం కోసం నేను చెవులు రిక్కిస్తాను. ఎప్పుడూ రాదు. డేవిడ్‌కి ఏమని చెప్పబోయింది? కాదనేనేమో. మనసులో నన్నే అనుకుందేమో. అలాగైతే నేను దొంగిలించింది నా సొమ్మే. ఎంత ఆశో చూడండి! అడగడానికి నోరు రాదు, డేవిడ్‌కి అవుననే చెప్పబోయానంటే ఏం చేయను? ఒకే మంచం మీద పడుకునే మనిషి కోసం ఎవరైనా ఇంత బెంగపడతారా? నేను పడుతున్నాను.

ఇప్పుడు వంటింట్లో ఆవకాయకి ముక్కలు తుడుస్తూ పాత క్వయిర్ పాట పాడుకుంటోంది. ఆమెతో అనాల్సిన మాట మీతో అంటున్నాను, కనీసం ఒక్కసారి నా చెవినైనా పడాలని.

సొల్యూషన్ ఎండిపోలేదు కరుణా. ట్యూబు నిండుగానే ఉంది.