నూనె ముందా, స్నో ముందా

నాకు పదిహేడేండ్లప్పుడు టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాల్నంటే ఫోటో అడిగిండ్రు. అప్పటిదాక నేను ఫోటో దిగలేదు. రామన్నపేట దగ్గర మా ఊరు. ఫోటో కావాల్నంటే నల్లగొండ పోవాలె. దరఖాస్తుకు ఇంక మూడు దినాలే గడువు. తెల్లారి మొదటి బస్సుకు పోదామని బాపు అన్నడు. గా మాటతోని ఇంట్ల నా మొఖం మీద పంచాయితీ మొదలైంది.

మా అవ్వ, అంటే బాపు తల్లి, ఊళ్లె ఏ పెండ్లయినా పిల్లకు నలుగు పెట్టే మనిషి. ముందు నువ్వుల నూనె మర్దన చెయ్యాలె, అది ఇంకినంక పెసరపిండిల పసుపు కలిపి రుద్దాలె, ఆఖరుకు వేడినీళ్లు పొయ్యాలె. ఇది ఆమె పద్ధతి. చిన్నమ్మ, బాపు తమ్ముని భార్య, పట్నంల రెండేండ్లు ఉండొచ్చింది. ముందు సబ్బు, తర్వాత తెల్లటి స్నో క్రీము, దాని మీద పౌడరు అని ఆమె పట్టు. నూనె మొఖానికి తగిలితే ఫోటోల నల్లగ పడతవని బెదిరిచ్చింది. ఏదన్న ఒక్కటే చెయ్యిండ్రని నేను మొత్తుకున్న. ఎవరూ ఇనలె. ఎవరినీ నొప్పియ్యలేక అమ్మ రెండూ చెయ్యమన్నది.

తెల్లారకముందే లేపి అవ్వ నూనె పెట్టింది. అది ఇంకకముందే బస్సు యాల్లయితాందని నలుగు రుద్దిండ్రు. వేడినీళ్లకు, సబ్బుకు యాల్ల చాలక నూనె సగం మొఖంమీదనే ఉన్నది. చిన్నమ్మ దాని మీదనే స్నో పూసింది, పౌడరద్దింది. అద్దంల చూసుకుంటే పచ్చగ, తెల్లగ అట్టలు అట్టలుగ ఉన్నది. తుడుస్తనంటే ఇద్దరూ వద్దన్నరు.

చిట్యాలల బస్సు మారేసరికి చెమటకు స్నో కరిగింది. కిటికీలకెల్లి దుమ్ము వచ్చి దానికే అంటుకున్నది. నాకు యాష్టకొచ్చి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బాపు ఒకసారి చూసి తువ్వాల నా ఒళ్లె పెట్టిండు. తుడిస్తే దుమ్మంతా గీతలు గీతలైంది.

నల్లగొండల ఫోటోలు తీసే ఆయన పెద్ద వయసు సాయిబు. నన్ను కుర్చీల కూసోబెట్టి, కెమెరా నల్లబట్టల తల పెట్టి చూసిండు. బయటికొచ్చిండు. మళ్ల చూసిండు.

"బేటీ, ఇది దరఖాస్తుకే గదా? మొఖం కడుక్కొని రా. మనిషెవరో ఎరుక వట్టాలె," అన్నడు నిమ్మళంగ.

వెనక గోలెంల నీళ్లున్నయి. సబ్బుతోని మూడుసార్లు కడిగితే గాని నూనె పోలె. కడుక్కుంట ఏడ్సిన. మొఖం ఆరేదాక ఆయన ఓపికగ ఆగిండు.

మర్నాడు మాపటికి బాపే పోయి ఫోటో తెచ్చిండు. దాంట్ల నా కండ్లు ఎర్రబడి, కోపంగనే ఉన్నయి. కని మొఖం తేటగ వచ్చింది. అవ్వ దాన్ని వెలుతురుకు పట్టి, నలుగు పెడితే గిట్లనే వస్తదన్నది. కాదు, స్నోతోనే వచ్చిందని చిన్నమ్మ అన్నది. మళ్ల షురువైంది.

ఇంక నావల్ల కాలె. "మీరు పెట్టిందంతా నల్లగొండల కడిగేసిన," అన్న.

అవ్వ ఫోటో దించి అడిగింది, "నూనె గుడ పోయిందా?"

"పోయింది. మూడుసార్లు కడిగిన."

ఆమె లేసి మేకల కొట్టం దిక్కు పోయింది. చిన్నమ్మ స్నో డబ్బ మూత బిగించి లోపట పెట్టుకున్నది. చెప్పినందుకు నాకు బాధనే అనిపించింది. కని తప్పు చేసిన్నని మాత్రం అనిపియ్యలె.

అవ్వ రెండు దినాలు నాతోని మాట్లాడలె. మూడోనాడు తల దువ్వుతా రమ్మని తానే పిలిచింది. జడ బిగుతుగ అల్లింది, ఇంక మొఖం జోలికి రాలె. దరఖాస్తయితే ఫోటో వచ్చిన తెల్లారే, ఆఖరు దినాన అందింది. వానలు పడే యాల్లకు సీటొచ్చింది.