కావలివాడి చక్రం, దిసారి గింజలు

కంప్యూటరు తెర మీద కనిపించేదంతా జ్ఞానమేనని మేం నమ్మిన కాలం ఒకటుండేది. అరకులో మా పెదనాన్న కొడుకు జెరాక్సు కొట్టు పెట్టి, అందులోకి ఒక పాత కంప్యూటరు కూడా దించిన రోజులవి. ఇంటరు తప్పి ఖాళీగా తిరుగుతున్న నన్ను అన్నయ్య కొట్లో కూర్చోబెట్టాడు. బేరం ఉంటే జెరాక్సు తీయడం, లేకపోతే ఆట ఆడుకోవడం నా ఉద్యోగం. (సంతరోజు తప్ప బేరం ఉండేది కాదు.) ఆ ఆటలో నేనొక వీరుణ్ణి. ఆడపిల్లనైనా మీసాలు తప్పలేదు. కోట గుమ్మంలో కావలివాణ్ణి ఒప్పించి లోపలికి పోవాలి. బతిమాలడం, బెదిరించడం, పొగడడం, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోగానే ఒక చక్రం గిర్రున తిరిగేది. ముల్లు పచ్చరంగు మీద ఆగితే వాడు కరుగుతాడు. ఎరుపు మీద ఆగితే, ఎంత తియ్యగా మాట్లాడినా "పో అవతలికి" అంటాడు. పచ్చ వేలెడు, ఎరుపు బారెడు. ఓడినప్పుడల్లా వెనక్కెళ్ళి మళ్ళీ మొదలుపెట్టే వీలుంది కాబట్టి, ఆ వర్షాకాలమంతా వాడి కాళ్ళావేళ్ళా పడుతూనే గడిపాను. "మడిసితో మాటాడ్డానికి లాటరీ ఏటే?" అని అన్నయ్య విసుక్కునేవాడు.

అప్పుడే కొండమీద మా ఊరి నుంచి నాన్నకు జ్వరమని కబురొచ్చింది. వెళ్ళేసరికి మనిషి మనిషిలో లేడు. నన్ను చూసి, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే కిందకి దించి ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను. నాన్నమ్మ వినకుండా, ఊళ్ళో ముహూర్తాలూ జబ్బులూ చూసే దిసారిని పిలిపించింది. ఆ ముసలాయన చేటలో గుప్పెడు బియ్యం పోసి, గింజల్ని జతలు జతలుగా పక్కకు జరిపాడు. అన్నీ జతపడితే ప్రయాణం మంచిదన్నమాట. చివర ఒంటి గింజ మిగిలింది.

"తాతా, మళ్ళీ వెయ్యి" అన్నాను.

"ఏటి గుంటా, ఇదేటి పేకాటనుకున్నావా?"

"ఇంకొక్కపాలి వెయ్యి తాతా, ఈపాలి పడతాది!" (ఆట నాకు నేర్పిన విద్య అంతవరకే.) ఆయన నా వైపు జాలిగా చూసి, "నాయినకి జొరం, గుంటకి పిచ్చి" అని లేచిపోయాడు. ఇక నాన్నమ్మ మీద పడ్డాను. బతిమాలాను, బెదిరించాను, ఆఖరికి సిగ్గు విడిచి "ఈ కొండ మీద నీయంత తెలివైనది లేదే" అని పొగిడాను కూడా. ఆమె తడిగుడ్డతో నాన్న నుదురు తుడుస్తూ, "ఇక్కడ ఆడి ఒళ్ళు కాలిపోతంది, నువ్వేటేటో వాగతన్నావు" అంది. ఏడుపొచ్చింది. "ఎందుకే వద్దంటన్నావు?" అన్నాను. (ఆ ప్రశ్న అడిగే వీలు ఆటలో లేదు.)

ఆమె చెయ్యి ఆగింది. "మీ తాతని కిందకి అట్టుకుపోనారు. అక్కడే సచ్చిపోతే అక్కడే కప్పెట్టీసినారట. ఏ మట్టిలో ఉన్నాడో నాకు తెల్దు. ఈణ్ణి కూడా అలగే ఒగ్గీమంటావా?"

"బతికినా సచ్చినా నాన్నని నీ కాడికి నేనే తెస్తాను నాన్నమ్మా."

ఆమె లేచి, కర్రకు డోలీ కట్టి మోయడానికి తన దుప్పటి తీసి ఇచ్చింది.

నాన్న బతికాడు. మలేరియా తలకెక్కిందనీ, ఇంకొక్క పూట ఆగి ఉంటే తాము చెయ్యగలిగిందేమీ ఉండేది కాదనీ డాక్టరన్నాడు. తిరిగొచ్చేటప్పుడు నాన్న కర్ర పట్టుకుని ముందు నడిచాడు, నేను రొప్పుతూ వెనక. నాన్నమ్మ కొడుకుని తడిమి తడిమి చూసుకుని, "నువ్వు తెస్తానన్నావు గదే? ఆడే నిన్ను తెచ్చినట్టున్నాడు!" అంది.

కొన్నేళ్ళకు జబ్బు చేసి ఆమెనే కిందకి దించాల్సి వచ్చింది. ఈసారి గింజలెవరూ వెయ్యలేదు. డోలీలో పడుకుని, "నన్నూ తెత్తావేటి?" అని మాత్రం అడిగింది. తెస్తానన్నాను. ఆమె ఆసుపత్రిలోనే పోయింది. తిరిగి తెచ్చిన వ్యాను రోడ్డు వరకే వచ్చింది. అక్కడి నుంచి నేనూ డోలీకి భుజం పట్టాను. బురదలో కాలుజారి, మోసేవాళ్ళని కూడా పడెయ్యబోయి తిట్లు తిన్నాను. "ఒగ్గీయే, మేం మోస్తాం" అని వాళ్ళు మొత్తుకుంటున్నా, ముక్కు చీదుకుంటూ, మోతకు ఎందుకూ పనికిరాకుండా, ఇంటి గుమ్మం దాకా ఆ కర్రను వదలని పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నాన్నమ్మ మా కాఫీ మొక్కల పక్కనే ఉంది.