దవాఖాన వెనుక ఆడపిల్లల మైదానం

నర్సమ్మ పోయిందని మా తమ్ముడు వచ్చి చెప్పేసరికే పాలమూరులో మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. నేను ఆలంపూర్‌లో అత్తవారింట్లో ఉన్నాను. "జరమొచ్చిందక్కా. అందరికి మందు పోసింది గని, తను పండుకోలే," అన్నాడు. కడసారి చూపు దక్కలేదు. ఆ బాధ ఎవరితో చెప్పుకోను? మీతోనే చెప్పుకుంటున్నాను.

పాలమూరులో మా ఇంటి పక్కనే చిన్న దవాఖాన. ఆమె అందులో నర్సు. ఊరంతా నర్సమ్మ అనే పిలిచేది. మాకు ఇంకో పేరు తెలియదు. కూలి చేసుకునే క్రైస్తవుల ఇంట పుట్టి చదువుకున్న మనిషి. నడక వడివడి. నవ్విందంటే గోడ ఇవతల మాకు వినిపించేది.

దవాఖాన వెనుక జాగా నిండా రాళ్ళు, తుమ్మకంప. మగపిల్లలకు స్కూలు మైదానంలో హాకీ, ఫుట్‌బాల్ ఉండేవి. మాకు వసారాలో గవ్వలాట. ఒక ఎండాకాలం నర్సమ్మ కొంగు నడుముకు చుట్టి, కూలి ఆడవాళ్ళతో కలిసి కంప కొట్టింది, ఎర్రటి మొరం మట్టి పరిచింది. రెండు గుంజలు పాతి వల కట్టింది. మూలకు ఉయ్యాల వేసింది. తాడు చుట్టి, పైన గుడ్డ కుట్టి ఒక రింగు చేసింది. దాన్ని వల మీదుగా విసురుకోవాలి, కింద పడనివ్వకూడదు. ఆడపిల్లలకు ఉరుకులాటలేమిటని ఎవరన్నా అంటే, "ఉరకని కాలికి ఇల్లే జైలైతది," అనేది.

మా వాడ పిల్లలం, కూలివాళ్ళ పిల్లలు, గొర్లు కాసేవాళ్ళ పిల్లలు, అందరం ఒకే వల దగ్గర. అదే మా వాడ పెద్దలకు గిట్టలేదు. రింగు అందరి చేతుల్లో పడుతోందట! ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, "ఒక్కో వాడకు ఒక్కో దినం పెట్టు," అన్నారు.

"గట్లయితే గది ఆట గాదయ్యా, కావలి," అంది నర్సమ్మ. "నా దవాఖానల అందరికి ఒక్క బల్ల మీదనే కట్టు గడ్తున్న. ఈడ గూడ గంతే."

మర్నాటి నుంచి మా వాడ ఆడపిల్లలకు బయట కాలు పెట్టే వీలు లేకపోయింది. నేను మిద్దె ఎక్కి చూసేదాన్ని. కింద కూలివాళ్ళ పిల్లలు ఆడుతుంటే నా చేతులు ఊరుకునేవి కావు, గాలిలోనే రింగు పట్టుకునేవి. అమ్మ అది చూసింది. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా దవాఖాన వెనక్కి నడిచింది.

"పెద్దలేమనరా తల్లీ?" అంది నర్సమ్మ.

"నా పిల్లలను పుట్టంగనే అందరికంటె ముందు వట్టుకున్నయి నీ చేతులే గద నర్సమ్మా. గప్పుడు రాని మైల గిప్పుడెట్ల వస్తది?"

నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. వెంటనే రింగు అమ్మ చేతిలో పెట్టింది. మా అమ్మ, గట్టిగా నవ్వి ఎరుగని మా అమ్మ, దాన్ని విసిరి పగలబడి నవ్వింది. బాపు ఆ రాత్రి సగం అన్నమే తిని లేచారు, వద్దని మాత్రం అనలేదు. తర్వాత మా వాడ ఆడపిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ రాలేదు.

ఆ సాయంత్రాలు ఇప్పటికీ నా ఒంట్లో ఉన్నాయి. వంటింట్లో నిలబడి ఉన్నా ఒక్కోసారి అరికాళ్ళకు ఆ మొరం గరుకు తగిలినట్టే ఉంటుంది.

నా పెళ్ళయ్యాక, ఊళ్ళ మీద దాడులు జరిగిన గడబిడ రోజుల్లో పల్లెలు విడిచి వచ్చినవాళ్ళకు తలదాచుకునే చోటు లేకపోతే, నర్సమ్మ తన చేతులతోనే వల విప్పి వాళ్ళను ఆ జాగాలో గుడిసెలు వేసుకోమంది. పుట్టింటికి వెళ్ళినప్పుడు, "మళ్ళ ఎన్నడాడుతం?" అని అడిగాను. "వీళ్ళు సల్లగ ఇంటికి పోయిన్నాడు బిడ్డా," అంది. గుడిసెల్లో జ్వరాలు పుట్టినప్పుడు ఇల్లిల్లూ తిరిగింది. ఆ జ్వరమే ఆమెకూ తగిలింది.

తమ్ముడు వెళ్ళే ముందు ఒక మాట చెప్పాడు. మట్టి ఇచ్చి వచ్చిన సాయంత్రం, పెద్దలంతా తల వంచుకుని కూర్చుని ఉంటే, గుడిసెల మధ్య ఆడపిల్లలు ఒకరినొకరు తరుముకుంటూ ఉరుకుతున్నారట. ఎవరో పెద్దాయన గదమాయించబోతే ఒక ముసలవ్వ ఆయన చెయ్యి పట్టి ఆపిందట. దీపాలు పెట్టే వేళ దాటినా, వాళ్ళ కాళ్ళ కింద లేచిన ఎర్రటి దుమ్ము ఆ జాగా మీద అలాగే నిలిచి ఉందట.